బొమ్మల ఫైలు చంకన పెట్టుకుని...

ఇంట్లో బొమ్మలు వేసే పిల్లో పిల్లవాడో వుంటే, చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ బొమ్మలు ముందుగదిలోకి వస్తాయి. "ఏదీ, మొన్న వేసిన వెంకటేశ్వరస్వామిని తెచ్చి అత్తయ్యకు చూపించమ్మా" అంటుంది తల్లి. అత్తయ్యగారు కాఫీ తాగుతూ "అచ్చం ఫొటోలాగే వుందే!" అంటారు. అందరికీ సంతోషం. నాలుగేళ్లు గడుస్తాయి. ఆ పిల్లే బి.ఎఫ్.ఎ. పట్టా పుచ్చుకుని, ఆ బొమ్మలే ఒక ఫైల్లో సర్దుకుని ఉద్యోగానికి బయలుదేరుతుంది. బల్లకు అవతల కూర్చున్న మనిషి కూడా కాఫీ తాగుతూనే చూస్తాడు. కాని అత్తయ్యగారన్న మాట అనడు. ఫైలు మూసి, "సరేనమ్మా, కబురు చేస్తాం" అంటాడు.

బల్లకు అవతల కూర్చునే ఆ మనుషుల్లో నేనూ ఒకణ్ణి. ముందు ఒక ప్రకటనల కంపెనీలోనూ, తరువాత హైదరాబాదులోనే ఒక యానిమేషన్ స్టూడియోలోనూ పనిచేస్తూ కొన్ని వందల ఫైళ్లు తిరగేశాను. ఒక్కొక్క ఫైలుకు మొదటి విడతలో దక్కేది రెండు మూడు నిమిషాలు. దాని వెనకాల నాలుగేళ్ల ఫీజులు, హాస్టలు ఖర్చులు, ఒక్కొక్కప్పుడు అమ్మ మెళ్లో గొలుసు కూడా వుండవచ్చు. అవేవీ ఫైల్లో కనబడవు. అంచేత ఆ రెండు మూడు నిమిషాల్లో ఏం కనబడాలో పిల్లలకే కాదు, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా తెలిసివుండడం మంచిదని నాకు తోస్తుంది.

దీన్ని 'పోర్ట్‌ఫోలియో' అంటారు. ఇటలీ భాష నుంచి వచ్చిన మాట. కాగితాలు మోసుకుపోయేది అని అర్థం, అంతే. ఇటలీ అన్నాను గనుక ఒక పాత అర్జీ సంగతి చెప్పాలి. 1482 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ల లియొనార్డో డావిన్చీ మిలాన్‌ను ఏలుతున్న లుడోవికో స్ఫోర్జా దగ్గర కొలువు కోసం ఒక అర్జీ రాయించుకున్నాడు. దాని చిత్తుప్రతి ఈనాటికీ భద్రంగా వుంది. దస్తూరీ మాత్రం ఆయనది కాదట. తనకు వచ్చిన పనులకు వరుసగా నంబర్లు వేసి చెప్పాడు: తేలికగా మోసుకుపోగల వంతెనలు, కోటలు ముట్టడించే సాధనాలు, ఫిరంగులు, పైకప్పున్న యుద్ధరథాలు, ఓడలు. శాంతికాలంలోనైతే భవనాలు కట్టగలను, నీళ్లు మళ్లించగలను అన్నాడు. శిల్పమూ చిత్రలేఖనమూ వచ్చేది చిట్టచివర! మోనాలిసాను వేయబోయే మనిషి తన చిత్రలేఖనాన్ని అర్జీలో ఆఖరున ఎందుకు పెట్టాడంటారా? మిలాన్ ప్రభువుకు ఆ రోజుల్లో యుద్ధభయం వుంది. ఆయనకు కావలసినవి ఫిరంగులు. ఆ సంగతి గ్రహించి రాశాడు లియొనార్డో. నమ్మకం కుదరకపోతే మీ తోటలోనే చేసి చూపిస్తానని కూడా చేర్చాడు. 'లాస్ట్ సప్పర్' చిత్రాన్ని ఆ మిలాన్ నగరంలోనే వేశాడు గాని, అది ఇంకో పదమూడేళ్లకు మొదలైన పని.

మన పిల్లలు చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ఒకే ఫైలు కట్టి, దాన్నే పది చోట్ల చూపిస్తారు. ప్రకటనల కంపెనీవాడు వెతికేది ఊహ. ఒక సబ్బుకో, బ్యాంకుకో మూడు ప్రకటనలు ఒకే ఆలోచన మీద అల్లి చూపిస్తే, అందమైన ప్రకృతి దృశ్యాలు పది చూసినా కలగని ఆసక్తి అతనికి కలుగుతుంది. పాఠ్యపుస్తకాలు వేసేవారికి గీత శుభ్రంగా వుండాలి. గుండెకాయ బొమ్మలో ఏ గొట్టం ఎటు పోతున్నదో ఏడో తరగతి పిల్లవాడికి తెలియాలి. చీరల డిజైన్లు చేయించేవాడు ముందు చూసేది అతుకు. పువ్వూ తీగా ఎంత ముద్దుగా వున్నా, ఆ డిజైను పక్కపక్కన పరిచినప్పుడు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కంటికి తెలిసిపోతే ఆ గుడ్డ పనికిరాదు. కాబట్టి అతనికి ఒక్క పువ్వు చూపించి లాభం లేదు, నాలుగు వైపులా పరిచి చూపించాలి. బడిలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికి వెళ్లేవారు తాము నేర్పిన పిల్లలు వేసిన బొమ్మలు కూడా తీసుకువెడితే ఎంత బాగుంటుంది! ఆ పని చేసినవారిని నేను ఇద్దరినే చూశాను.

ఇక మా యానిమేషన్ వారి సంగతి. మాకు కావలసింది కదలిక. నీళ్ల బిందె చంకనెత్తుకున్న మనిషి నడుము ఏ పక్కకు వంగుతుంది? కదిలే బస్సులో కమ్మీ పట్టుకు నిలబడ్డ ముసలాయన బరువు ఏ కాలి మీద వుంటుంది? ఇవి ఇంట్లో కూర్చుని, ఫొటో చూసి నేర్చుకునేవి కావు. బస్టాండులో, రైతుబజారులో, పెళ్లిపందిట్లో చిన్న పుస్తకం పట్టుకు కూర్చుని రెండేసి నిమిషాల్లో గీసుకోవాలి. అలా గీసిన గజిబిజి గీతల పేజీలు నాలుగు ఫైల్లో వుంటే నేను అక్కడే ఆగిపోతాను. సినిమా తారల ముఖాలు పెన్సిలుతో వెంట్రుక వెంట్రుకా దిద్దినవి మాత్రం గబగబా దాటిపోతాను. ఓపిక వుందని వాటివల్ల తెలుస్తుంది, కాదనను. కాని ఫొటోలో వున్నది కాగితం మీదికి ఎక్కించడం ఒక విద్య, ఫొటో లేనిచోట మనిషిని నిలబెట్టడం మరొక విద్య. మేము జీతమిచ్చేది రెండోదానికి.

ఇంకొక తంటా వుంది. తెలుగువాళ్ల ఫైళ్లలో మూడింట ఒకటి బాపుగారి గీతే! వాలుజడ, పెద్ద కళ్లు, ఆ చీర కుచ్చిళ్లు! ఆయన గీత మన కళ్లల్లో నిలిచిపోయింది, తప్పేమీ లేదు. అయితే ఆ బాపుగారు లా పట్టా చేతికి వచ్చిన 1955లోనే ఆంధ్రపత్రికలో రాజకీయ కార్టూనిస్టుగా చేరి, తరువాత పుస్తకాల ముఖచిత్రాలు, ప్రకటనలు, కథలకు బొమ్మలు వేసి, సినిమాలు తీసేటప్పుడు ఏ షాటు ఎలా వుండాలో ముందే బొమ్మలు గీసుకున్న మనిషి. పని మారినప్పుడల్లా గీతను ఆ పనికి తగ్గట్టు వాడుకున్నారు. మన పిల్లలు ఆ జడ ఒక్కటీ తెచ్చుకుని తక్కినది అక్కడే వదిలేసి వస్తున్నారు. వ.పా. సంతకంతో 'చందమామ', 'యువ' ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్యగారిని అనుకరించేవారూ లేకపోలేదు. అభ్యాసానికి ఎవరి బొమ్మనైనా ఎత్తి రాసుకోవచ్చు. ఫైల్లో పెట్టేటప్పుడు మాత్రం కింద "ఫలానావారి చిత్రానికి నకలు" అని రాయాలి. రాయకపోతే చూసేవాడు తక్కినవాటిని కూడా అనుమానిస్తాడు.

రెండేళ్ల కిందట గోదావరి జిల్లా నుంచి ఒకమ్మాయి వచ్చింది. తండ్రి ఆర్.టి.సి.లో కండక్టరు, తోడు వచ్చాడు. ఫైల్లో అరవై రెండు బొమ్మలు! దేవుళ్లు, నెమళ్లు, సూర్యోదయాలు, కాలేజీ క్లాసులో వేసిన జాడీలు, మధ్యమధ్య ప్లాస్టిక్ కవర్లలో బహుమతి పత్రాలు. నేను పేజీలు తిప్పుతుంటే తండ్రి ముందుకు వంగి, "అదండీ, ఆ బొమ్మకు కలెక్టరుగారి చేతుల మీదుగా బహుమతి వచ్చిందండీ" అన్నాడు. ఆ అమ్మాయి తల దించుకుంది. బొమ్మలు చెడ్డవి కావు. ఇరవై చాలా బాగున్నాయి. మిగిలిన నలభై రెండూ ఆ ఇరవైనీ మింగేశాయి.

ఇక్కడ ఒక రహస్యం చెబుతాను. ఫైలు చూసేవాడు మంచి బొమ్మలన్నీ కూడి, చెడ్డవి తీసేసి, సగటు కట్టి మార్కులు వెయ్యడు. అన్నిటికన్నా నీరసమైన బొమ్మను జ్ఞాపకం పెట్టుకుంటాడు. గడువు దగ్గరపడి రాత్రి పదింటికి పని చెయ్యవలసి వచ్చినప్పుడు ఈ పిల్ల ఆ స్థాయిలోనే వేస్తుంది కాబోలుననుకుంటాడు. కాబట్టి పన్నెండు, మహా అయితే పదిహేను. అన్నిటిలో మేలైనది మొదట, దాని తరువాతిది చివర.

"అమ్మా, మీ వూళ్లో కథలు చెప్పే మామ్మ ఎవరైనా వున్నారా?" అని అడిగాను.

"మా నాయనమ్మే వుందండీ" అంది.

"ఆవిణ్ణి ఆరు బొమ్మల్లో వెయ్యి. పొద్దున్న లేచి, బజారుకు వెళ్లి, ఎవరితోనో పోట్లాడి, ఇంటికి వచ్చి పడుకునేదాకా. మాటలు రాయకు. ఈ అరవై రెండులో నువ్వు పది ఏరుకుని, ఆ ఆరూ కలిపి తీసుకురా" అన్నాను.

ఈ ఆరు బొమ్మల పరీక్ష దేనికో, సీరియళ్లు చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. మొదటి వారం కథానాయికకు ఏ ముఖం వుందో పదహారోవారం కూడా ఆ ముఖమే వుండాలి. ముందునుంచి చూసినా, వెనకనుంచి చూసినా, ఏడుస్తున్నా, వంట చేస్తున్నా ఆ మనిషే అనిపించాలి. ఒక్క అందమైన ముఖం వెయ్యగలవారు వందమంది దొరుకుతారు. అదే ముఖాన్ని ఇరవైసార్లు వెయ్యగలవారు అరుదు. మా పనికి మొట్టమొదట కావలసింది ఆ రెండో రకంవారే.

మూడు వారాలకు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఆరు బొమ్మల్లోనూ నాయనమ్మ ముక్కుపుడక ఒకే పక్కన వుంది. చెవి దగ్గర ఒక వెండ్రుకల పాయ మొదటి బొమ్మలో నున్నగా దువ్వి వుండి, పోట్లాట తరువాత ఊడి, చివరి బొమ్మలో దిండు మీద పరుచుకుంది. ఎవరూ చెప్పకుండానే ఆ పాయను అలా నడిపించుకువచ్చింది! నేను ఫైలు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లి మా వాళ్లకు చూపించాను. ఇప్పుడు మా స్టూడియోలోనే పనిచేస్తోంది. కలెక్టరుగారి బహుమతి పత్రం ఇంటి గోడ మీద వున్నదట, అది వుండవలసిన చోటు అదే.

ఆమె ఆ ఆరింటికీ చిత్తు పెన్సిలు గీతలు కూడా వెనక జతచేసింది. ఇదివరకు ఇది ఉంటే మంచిదే అనుకునేవాళ్లం. యంత్రమే అడిగిన బొమ్మ గీసిచ్చే ఈ రోజుల్లో ఇది చాలా అవసరమైపోయింది. ముగిసిన బొమ్మ ఒక్కటే చూపిస్తే ఎవరు వేశారో తెలియదు. మొదట ఏమనుకున్నారు, ఏది కొట్టేశారు, ఎందుకు మార్చారు అన్నది చిత్తుల్లో కనబడుతుంది. నేను ఆ కొట్టివేతల గురించే ఎక్కువ ప్రశ్నలు వేస్తాను.

నలుగురు కలిసి చేసిన పని చూపించేటప్పుడు తన వంతు ఏమిటో కింద ఒక ముక్క రాయాలి: "వెనక దృశ్యం నాది, మనుషుల బొమ్మలు మరొకరివి" అని. మా వృత్తిలో అందరికీ అందరూ తెలుసు. ఒక్క ఫోనుతో నిజం బయటపడుతుంది. అప్పటికే ఎక్కడో ఉద్యోగం చేస్తున్నవారు మరొక జాగ్రత్త పడాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగధర్మంగా వేసిన బొమ్మ మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యజమానిదే. వేసింది నేనేనని చెప్పుకునే హక్కును మాత్రం అదే చట్టం 57వ సెక్షను చిత్రకారుడికి వుంచింది. ఇంకా విడుదల కాని పనిని పాత యజమానిని అడగకుండా కొత్తవాడికి చూపిస్తే, "రేపు మా గుట్టు కూడా ఇలాగే బయటపెడతాడు" అని కొత్తవాడు అనుకుంటాడు.

ఇప్పుడు చాలాచోట్ల ఫైలు మోసుకుపోనక్కరలేదు, పి.డి.ఎఫ్. పంపమంటారు. పెద్ద కాన్వాసులు ఫొటో తీయవలసిందే. ఎండలో వద్దు, ఫ్లాషు అసలే వద్దు. వరండా నీడలో, అద్దం తీసేసి, బొమ్మకు సరిగ్గా ఎదురుగా కెమెరా పెట్టి తీయాలి. వంకరగా తీసి తరువాత సాగదీస్తే మనుషులకు కాళ్లు పొడుగవుతాయి. చిన్న బొమ్మలు స్కానరు మీద ఇంచికి మూడువందల చుక్కల చొప్పున ఎక్కించి దాచుకుని, పంపేటప్పుడు తగ్గించుకోవచ్చు. నలభై మెగాబైట్ల ఫైలు పంపితే అది తెరుచుకునేలోపల నేను మరొకరిది చూస్తుంటాను. ప్రతి పేజీ మీదా పేరూ ఫోను నంబరూ వుండాలి.

ఉచిత పరీక్షల మాట కూడా చెప్పాలి. నాకు తెలిసిన కుర్రవాడొకడికి ఒక ప్రచురణ సంస్థవారు "పరీక్ష" అని చెప్పి ఒక పిల్లల కథకు పన్నెండు పూర్తి రంగుల బొమ్మలు వెయ్యమన్నారు. వేసి పంపాడు. జవాబు లేదు. ఆరు నెలలకు ఆ పుస్తకం దుకాణంలో కనబడింది. బొమ్మలు ఇంచుమించు అవే, పేరు ఇంకెవరిదో. అతనివద్ద కాగితం ముక్క లేదు. పరీక్ష అంటే ఒకటి రెండు చిన్న బొమ్మలు, అదీ ఒక్కరోజు పని. అంతకుమించి అడిగితే ఎంత ఇస్తారో అడగడంలో మర్యాదకు లోటేమీ రాదు. పంపే ముందు తేదీతో మెయిలులో "ఇది పరీక్ష కోసం మాత్రమే, వాడుకోదలిస్తే ముందుగా తెలపండి" అని రెండు వాక్యాలు రాయాలి. ఉద్యోగానికి ముందు డిపాజిట్టు కట్టమనేవాళ్ల గుమ్మం తొక్కనేవద్దు.

అసలు బొమ్మలను మాత్రం ఎవరు అడిగినా వదిలి రాకూడదు. "మా సారుకు చూపించి ఇస్తాం, పెట్టి వెళ్లండి" అంటారు. ఆ సారు ఊళ్లో వుండడు, ఆఫీసు మారుతుంది, ఫైలు ఏ బీరువా కిందో చేరుతుంది. నకళ్లు ఇచ్చి రావాలి. అసలువి ఇంట్లోనే, నేలకు ఎత్తుగా, ఒక్కొక్క బొమ్మకు మధ్య పలచని కాగితం వేసి, చెమ్మ తగలనిచోట పడుకోబెట్టాలి. చుట్టచుట్టి అటక మీద పెడితే రంగు బీటలిస్తుంది. వానాకాలం వెళ్లగానే ఒకసారి తీసి గాలికి ఆరబెట్టాలి.