పాత పెట్టెలోని జాబుకూ విలువ ఉంది

నెల్లూరు: ఉప్పుగాలి, వాన చెమ్మ, చెదలు - సముద్రతీర గ్రామాల్లో పాత కాగితానికి ఈ మూడూ శత్రువులే. వాటికి చిక్కకుండా మిగిలింది కాస్తా భోగి మంటల పాలవుతోంది. అలాంటి కాగితాల కోసమే జీవితం ధారపోసిన మనిషి ఈ జిల్లావారే.

ఆయన బండి గోపాలరెడ్డి. 1938లో మినగల్లులో పుట్టారు. నెల్లూరు 'జమీన్ రైతు' పత్రికలో పనిచేశారు. 'బంగోరె'గా ప్రసిద్ధులు.

1820లో కొలువు మీద కడప చేరిన సి.పి.బ్రౌన్ దొర వేమన పద్యాలు, తెలుగు నిఘంటువు అచ్చు వేయించారు. ఆ పనికి ఆయన పడిన పాట్లు తెలియాలంటే ఆయన సొంత రాతలే ఆధారం. బంగోరె వాటిని వెదికి చదివారు. జి.ఎన్.రెడ్డితో కలిసి ఆయన పరిష్కరించిన బ్రౌన్ సాహిత్య స్వీయచరిత్రను 1978లో తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రచురించింది.

అంతకుముందే 1969లో, గురజాడవారి 'కన్యాశుల్కం' 1897 నాటి తొలి కూర్పును వెలికితీసి మళ్ళీ అచ్చు వేయించారు. అందరూ చదివేది 1909లో బాగా మార్చి రాసిన కూర్పు. పాత ప్రతి దొరకకుంటే ఆ తేడా చూపడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

1982లో బంగోరె కన్నుమూశారు. దాచడం సగం పని, నలుగురికీ అందించడం మిగతా సగం అన్నది ఆయన కృషి నేర్పే పాఠం.

తాతలనాటి ఉత్తరాలు, దస్తావేజులు, లెక్కల పుస్తకాలు ఉన్నవారు వాటిని నేలకు తగలకుండా, చెమ్మ లేనిచోట ఉంచాలి. ఫోటోలు తీయించి ఒక ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వడం మేలు. చెదలు తిన్న జాబును ఎంతటి పండితుడూ చదవలేడు.