వసంతమున పెరటి పంట

మామిడి పూత పూయుచున్న ఈ రోజులలో మీ పెరడు ఖాళీగా ఉన్నదా? వరి, పసుపు పండించు చేతులు కూరకై సంతకు పోనేల? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకముల ప్రకారము పెద్దలకు దినమునకు 400 గ్రాముల కూరగాయలు కావలెను. అన్నిటిని కొనుట ఎల్లరకు సాధ్యము కాదు.

ఫిబ్రవరిలోనే బీర, కాకర, సొర గింజలను ఒక రాత్రి నానబెట్టి, చివికిన పశువుల ఎరువు కలిపిన పాదులలో మూడేసి విత్తవలెను. మొలచిన పిదప బలమైన రెండు మొక్కలను ఉంచవలెను. ప్రక్కనే తోటకూర చల్లినచో నెల దినములలో కోతకు వచ్చును. బెండ నెలన్నరకు కాపు పట్టును.

ఎండలు ముదిరిన కొలది నీరు కరవగును. కావున బియ్యము, కూరలు కడిగిన నీటిని పారబోయక పాదులకు మళ్ళించండి. మొదళ్ళ చుట్టు వరిగడ్డి పరచినచో తేమ నిలుచును.

బీరపూవు సాయంకాలము విచ్చును. అడుగున చిన్న పిందె ఉన్నదే ఆడుపూవు. తేనెటీగలవంటి కీటకములు వాలనిదే ఆ పిందె నిలువదు. కనుక పూతపై పురుగుమందు చల్లరాదు. పిల్లలను పిలిచి పిందెలను చూపండి. మరునాటి ఉదయము నీరు పోయుటకు వారే ముందు లేతురు!