బొగ్గు లోపలికి, బూడిద బయటికి

కట్టెల పొయ్యి మీద వండే ఇంట్లో పొద్దున్నే చేసే మొదటి పని ఏమిటో మీకు తెలుసా? నిన్నటి బూడిద ఎత్తెయ్యటం. బూడిద నిండిన పొయ్యిలో గాలి ఆడదు, మంట సరిగా రాదు. బొగ్గుతో నడిచే థర్మల్ విద్యుత్ కేంద్రానిదీ ఇదే బాధ. కాకపోతే అక్కడి పొయ్యి ఇరవై అంతస్తుల మేడకు తీసిపోదు. దాన్ని రోజూ ఆర్పి బూడిద ఎత్తటం కుదరదు. మండుతూ ఉండగానే ఎత్తాలి!

ఒక చిన్న లెక్క వేయండి. రామగుండంలో ఉన్నటువంటి 500 మెగావాట్ల యూనిట్ పూర్తి శక్తితో నడిస్తే గంటకు సుమారు 300 టన్నుల బొగ్గు తింటుంది. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుంచి 40 పాళ్లు బూడిదే. అంటే గంటకు వంద టన్నుల బూడిద! పది టన్నుల లారీలు ఆరు నిమిషాలకొకటి చొప్పున, రాత్రింబవళ్లు నిండుతూనే ఉంటాయన్నమాట.

ముందు బొగ్గు సంగతి చూద్దాం. రామగుండానికి సింగరేణి గనుల నుంచి రైలు వ్యాగన్లలో బొగ్గు వస్తుంది. వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకోగానే బొగ్గు కింది గోతుల్లో పడుతుంది. దాన్ని చిన్న ముక్కలుగా నలగగొట్టి రబ్బరు బెల్టుల మీద పైకి పంపుతారు. దారిలో వేలాడే పెద్ద అయస్కాంతాలు ఇనుప ముక్కలను లాగేస్తాయి. లేకపోతే ఒక్క బోల్టు చాలు, మిల్లు పాడవటానికి. పైనున్న బంకరు నుంచి ఫీడరు అనే యంత్రం మంటకు ఎంత కావాలో అంతే బొగ్గును కొలిచి మిల్లుకు అందిస్తుంది. వానాకాలంలో తడి బొగ్గు బంకరు గోడలకు అంటుకుని జారనని మొరాయిస్తుంది. అప్పుడు సిబ్బందికి నిద్ర ఉండదు!

మిల్లులో బొగ్గు ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తనవుతుంది. ఎందుకిలా? ఒక సెంటీమీటరు ఘనాన్ని మిల్లీమీటరులో పదోవంతు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 100 రెట్లవుతుంది. గాలి అంతటా తగిలి, పొడి క్షణాల్లో మండిపోతుంది.

మరి బూడిద? అయిదింట నాలుగు వంతులు పొగతోపాటే ఎగిరిపోతుంది. జుట్టు దువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాగటం మీరు చూసే ఉంటారు. పొగగొట్టానికి ముందున్న యంత్రంలో జరిగేదీ దాదాపు అదే. వేల వోల్టుల తీగల మధ్యగా పోయే నుసికి ఋణ విద్యుదావేశం వస్తుంది. పక్కనున్న ఇనుప రేకులు దాన్ని ఆకర్షిస్తాయి. సుత్తులు రేకులను తడుతుంటే నుసి కింది తొట్లలో రాలుతుంది.

మిగిలిన వంతు గడ్డలు కట్టి కొలిమి అడుగున పడుతుంది. దాన్ని నీటిలో చల్లార్చి, నలగగొట్టి, నీటి ధారతో బూడిద చెరువుకు తోస్తారు. ఇది ఆగితే ప్రమాదమే. 2017 నవంబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్ కొలిమి అడుగున బూడిద పేరుకుపోయింది. దాన్ని తొలగించే ప్రయత్నం సాగుతుండగా వేడి వాయువులు ఒక్కసారిగా బద్దలుకొట్టుకు వచ్చాయి. 40 మందికి పైగా చనిపోయారు. బొగ్గు అందకపోతే దీపాలు ఆరుతాయి, అంతే. బూడిద కదలకపోతే మనుషులే పోతారు.

రేకుల మీద పట్టిన మెత్తని నుసి మాత్రం వృథా కాదు. ఇటుకలకూ, సిమెంటుకూ పనికొస్తుంది. మీ వీధిలో ఇల్లు కడుతుంటే సిమెంటు బస్తా మీద ‘పి.పి.సి.’ అని ఉందేమో చూడండి. ఆ రకం సిమెంటులో సాధారణంగా నూటికి 15 నుంచి 35 పాళ్లు ఈ నుసే ఉంటుంది.