రోబో కారు మాట వినట్లేదా? ముందు బ్యాటరీ చూడండి

ఆర్డుయినో ఊనోకి హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ తగిలించి ఫోన్‌తో నడిపే రోబో కారు బీటెక్ ప్రాజెక్టుల్లో మామూలే. ఎక్స్‌పో రోజు టేబుల్ మీదే మొరాయించడం కూడా మామూలే!

మాడ్యూల్ లైట్ గబగబా బ్లింక్ అవుతుంటే ఇంకా కనెక్ట్ కాలేదని. పెయిరింగ్ కోడ్ 1234 లేదా 0000. ఐఫోన్‌తో మాత్రం కుస్తీ పట్టకండి, ఇది పాత తరహా బ్లూటూత్. ప్రోగ్రామ్ అప్‌లోడ్ అవ్వట్లేదా? 0, 1 పిన్నుల నుంచి మాడ్యూల్ వైర్లు కాసేపు తీసేయండి. యూఎస్‌బీ కూడా ఆ దారే వాడుతుంది.

అసలు చిక్కు వేరే. కనెక్ట్ అవుతుంది, 'ముందుకి' బటన్ నొక్కగానే కట్! మాడ్యూల్ పోయిందని కొత్తది కొనేస్తారు. చాలాసార్లు దోషి 9 వోల్టుల చిన్న బ్యాటరీ. మోటార్లు కదిలే క్షణంలో కరెంట్ ఎక్కువ లాగుతాయి, వోల్టేజ్ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. మోటార్లకి రెండు 18650 సెల్స్ సిరీస్‌లో పెట్టండి, గ్రౌండ్ వైర్లన్నీ కలపండి.