ఏటిగట్టుకి అవతల

ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడి మాఘమాసపు పొద్దున దిగువకి చూస్తే గోదావరి ఒక్క నదిలా కనబడదు. ఇసుక తిన్నెలు, రెల్లు దుబ్బులు, వాటి సందుల్లో మెరిసే సన్నటి పాయలు, వాటన్నిటికీ అవతల పచ్చటి గీతలాంటి నేల. ఆ పచ్చగీతే లంక. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టిన ఈ ఏరు 1,465 కిలోమీటర్ల ప్రయాణంలో మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహక ప్రాంతం నుంచి నీటితో పాటు మట్టినీ మోసుకొస్తుంది. పాపికొండల ఇరుకు దాటి మైదానంలోకి వచ్చాక పరుగు తగ్గుతుంది. పరుగు తగ్గిన నీరు బరువు దించుకుంటుంది. ముందు ఇసుక, దాని మీద ఒండ్రు. అలా ఏటి నడుమ మేట వేసి లేచిన నేలకి మనవాళ్లు పెట్టిన పేరు లంక.

కాలికింద ఉన్న బ్యారేజీ కథలోనూ లంకలే ఉన్నాయి. 1832, 33 నాటి కరువులు ఈ సీమని ఎండగట్టాక, ఇంజినీరు ఆర్థర్ కాటన్ 1847లో ఇక్కడ ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఇంత వెడల్పాటి నదికి అడ్డంగా ఒకే గోడ కట్టలేదాయన. ఏటి మధ్యనున్న పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టాడు. అన్నీ కలిపి సుమారు 3.6 కిలోమీటర్లు. అంటే నది తానే వేసిపెట్టిన మెట్ల మీదుగా ఆనకట్ట నదిని దాటిందన్నమాట. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో పది లక్షల ఎకరాలకు ఇక్కడి నుంచే నీళ్లు పారతాయి. గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ దొర విగ్రహం ఎందుకుందో ఆ కాలవల గట్ల మీద నడిస్తే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఆనకట్ట దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకి రెండు వైపులా ఎత్తుగా సాగే మట్టికట్ట ఏటిగట్టు. వరద పొలాల మీద పడకుండా కాసేది అదే. గట్టుకి ఇవతల కాలవలు, వరిచేలు, కొబ్బరితోటలు, మనకి సినిమాల్లో కనిపించే కోనసీమ. గట్టుకి అవతల, ఏటికీ గట్టుకీ మధ్య, లంక. గట్టు కాపలా ఇవతలి వాళ్లకే. అవతలి వాళ్లకి కాపలా గోదారే, భయమూ గోదారే.

ఆ అవతలి నేల చూడాలని పి.గన్నవరం వైపు వెళ్లాను. ఊడిమూడిలంక, పెదపూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక... ఏటా వానాకాలంలో వార్తల్లో వినిపించే పేర్లు. పాయ ఎండినప్పుడు వేసిన మట్టిబాట మీదుగా మోటారు సైకిళ్లు, అరటి గెలల ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. మొదటి ఎర్రనీరు తగలగానే ఈ బాట కొట్టుకుపోతుంది. మళ్లీ ఏరు తీసేదాకా బడికి, ఆస్పత్రికి, సంతకి అన్నిటికీ పడవే. బాట దిగి లంకలోకి అడుగుపెడితే కాళ్లకింద నేల మెత్తగా, బూడిదరంగులో, గుప్పెట్లో పిసికితే పొడిపొడిగా రాలిపోయేలా ఉంది. అరటి, కంద, కూరపాదులు, మొక్కజొన్న. చుట్టలకి పేరుపడ్డ లంక పొగాకూ ఇలాంటి నేలలోదే. ఈ మట్టికి పెద్దగా ఎరువు అక్కర్లేదని, వరద వేసిపోయిన ఒండ్రే సగం ఎరువని రైతులు చెబుతారు.

లంక చివరికి నడిపించుకెళ్లింది ఓ పెద్దాయన. అక్కడ నేల ఉన్నట్టుండి తెగిపోయింది. కోత. రెండు నిలువుల లోతున నీళ్లు ఒరుసుకుపోతున్నాయి. తెగిన అంచుని పక్కనుంచి చూస్తే పుస్తకం అంచు చూసినట్టే ఉంది. జానెడు ఇసుక, దానిపైన నాలుగు వేళ్ల మందాన నల్లటి ఒండ్రు, మళ్లీ ఇసుక, మళ్లీ ఒండ్రు. ఇసుక పొర ఉన్నచోట నీరు ఉరవడిగా వచ్చినట్టు, ఒండ్రు పొర ఉన్నచోట నెమ్మదిగా నిలిచి తేటపడినట్టు. భూగర్భ శాస్త్రజ్ఞులు గొట్టాలు దింపి చదివే పాఠాన్ని ఇక్కడ గోదారే కోసి చూపిస్తోంది. అంచుకి పది గజాల అవతల, నీళ్లలో, మనిషెత్తు స్తంభం లాంటిదొకటి నిలబడి ఉంది. ఏమిటని అడిగాను.

“అది మా నుయ్యండి. చుట్టూ మట్టి పోయి ఒరలు మిగిలినియ్యి” అన్నాడాయన. “దానికి అవతల ఎకరం పైన ఉండేదండి మాకు. పట్టా ఇంట్లోనే ఉందండి.”

నుయ్యంటే నేల లోపలికి పోయేది. నేల జారిపోయి నుయ్యి మాత్రం పైకి నిలబడటం అంతవరకు నేను చూడలేదు. ఆ సిమెంటు ఒరల మీద ఓ నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. పెద్దాయన కాసేపు అటు చూసి, చెయ్యెత్తి ఎదుటి ఒడ్డు చూపించాడు. అక్కడ కొత్తగా మేట పడుతోందట. ఇక్కడ పోయింది అక్కడ తేలుతోంది. తేలిన నేల ఎవరిది, పోయిన నేలకి లెక్కెవరు చెప్పాలి అన్న తగవు లంకలంత పాతది. నేల కదలదన్న నమ్మకం మీద రాసిన కాగితాలు, కదిలే నేల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాయి.

ఇక్కడివాళ్లు కాలాన్ని వరదలతో కొలుస్తారు. ఫలానా పిల్ల పుట్టింది ఎనభై ఆరు వరదకి ముందా, తర్వాతా అని అడుగుతారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు. పైన భద్రాచలంలో ఎన్నడుగులో వింటే తమ వాకిట్లోకి ఎప్పటికి వస్తుందో లంకవాళ్లు లెక్కేసుకుంటారు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక అంటే సెకనుకి 17 లక్షల ఘనపుటడుగుల నీరు. కానీ చాలా లంకల బాటలు మొదటి హెచ్చరిక రాకముందే మునిగిపోతాయి. అప్పటికే గేదెలు గట్టెక్కుతాయి, ధాన్యం బస్తాలు అటకెక్కుతాయి. అదే ఎర్రనీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి పులస చేప కూడా పైకొస్తుంది. భయమూ పండగా ఒకే నీటిలో వస్తాయి.

పి.గన్నవరం మండలంలోనే లంకల గన్నవరం ఉంది. ఏరు దాటి అలిసి వచ్చిన ఎవరికైనా, ఏ వేళకైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) ఊరిది. పడవ కోసం రేవులో గంటలు గంటలు కాచుకోవాల్సిన సీమలో, ఆకలిగొన్న బాటసారి ప్రతి గడపకీ ఎదురయ్యేవాడు. ఆ తల్లి పెద్ద మనసుకి ఈ నది ఒడ్డు తోడైంది. వైనతేయ మీదుగా పి.గన్నవరం దగ్గర కాలవే వంతెనెక్కి నదిని దాటుతుంది. అందుకు మొదట 1850లలో లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో 49 కమానులతో అక్విడెక్టు కట్టారు. కింద నది, పైన కాలవ. దాని పక్కనే తర్వాత కట్టిన కొత్త అక్విడెక్టుకి సీతమ్మ పేరే పెట్టారు. నీళ్లు పంచే కట్టడానికి అన్నం పంచిన అమ్మ పేరు.

ఇక్కడి నుంచి సముద్రం వైపు సాగితే నేల ఇంకో కథ చెబుతుంది. తీరానికి సమాంతరంగా ఇసుక దిబ్బలు వరసలు వరసలుగా లోపలికంటా ఉంటాయి. ఒక్కో దిబ్బా ఒకనాటి సముద్రపు ఒడ్డు. గోదావరి మట్టి వేసుకుంటూ పోయినకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది. మెరకలైన ఆ దిబ్బల మీద ఊళ్లు, కొబ్బరితోటలు. దిబ్బల మధ్య పల్లంలో వరి. అంటే కోనసీమంతా గోదావరి కట్టుకున్న పెద్ద లంకే.

ఆ కట్టుబడి ఇప్పుడు నెమ్మదించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1971-79 మధ్య ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు, 1990-98 నాటికి 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. ఎగువన కట్టిన జలాశయాల్లో మట్టి ఆగిపోవడమే ముఖ్య కారణం. 1976-2001 మధ్య డెల్టా తీరంలో నికరంగా 1,836 హెక్టార్ల నేల సముద్రం పాలైందని వాళ్లు ఉపగ్రహ చిత్రాలతో లెక్కకట్టారు. కోత ఎప్పుడూ ఉంది. కోతకి సరిపడా మేట ఉన్నంతకాలం లంక బతికింది. మేట తగ్గి కోత మిగిలితే, ఒకచోట పోయిన నేల ఇంకోచోట తేలుతుందన్న పాత ధైర్యం చెదురుతుంది. ఎగువన ప్రాజెక్టుల గురించి మాట్లాడేటప్పుడు మనం టీఎంసీలు లెక్కపెడతాం. నదిలో వచ్చే మట్టికీ ఒక లెక్క ఉండాలని ఆ నూతి ఒరల ముందు నిలబడ్డాక గట్టిగా అనిపించింది.

వెళ్లాలనుకునేవారు రాజమహేంద్రవరంలో రైలు దిగి, ముందు ధవళేశ్వరంలో బ్యారేజీ, కాటన్ మ్యూజియం చూడొచ్చు. రావులపాలెం మీదుగా కోనసీమలోకి బస్సులు తరచుగా ఉంటాయి. అమలాపురం నుంచి అంబాజీపేట మీదుగా పి.గన్నవరం చేరొచ్చు. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు ఎక్కితే వశిష్ఠని దాటి అంతర్వేదికి, సాగర సంగమానికి దారి. సంక్రాంతి తర్వాత ఎండలు ముదిరేలోపు మంచి కాలం. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద సంగతి కనుక్కోకుండా లంకల్లోకి దిగొద్దు.

తిరిగి వస్తుంటే పెద్దాయన గట్టు దాకా వచ్చి సాగనంపాడు. ఈ ఏడు ఎదుటి మేట మీద పుచ్చపాదులు పెడతాడట. ఆ ఇసుక వచ్చే వరద దాకా ఉంటుందో లేదోనని నేనన్నాను. “కాయ కోసేదాకా ఉంటే చాలండి” అని, ఆయన మళ్లీ గట్టు దిగి అవతలికి వెళ్లిపోయాడు.