మీకు తెలుసా? తొలి కెమెరా బ్యాగు సర్దుకునే ముందు...

ఉద్యోగం చేస్తూనే ఫొటోలు తీయడం ఈ కాలపు అలవాటేమీ కాదు. హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ మొదట ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ డ్రాఫ్ట్స్‌మన్. 1870లలో ఆ కొలువులో ఉంటూనే కెమెరా పట్టారు, పేరొచ్చాకే ఉద్యోగం వదిలారు. సెలవురోజుల్లో పెళ్లిళ్లు, బారసాలలు ఒప్పుకుందామనుకునే వారికీ అదే వరస మంచిది. ముందు పని, ఆ పని అడిగినప్పుడే సామాను.

● బాడీ కంటే లెన్స్ ముఖ్యమని అందరూ అంటారు. ఎంత ముఖ్యమో లెక్క చూడండి. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే అపెర్చర్ ఎఫ్5.6 దగ్గర ఆగిపోతుంది. 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుగును రానిస్తుంది. రాత్రి ముహూర్తంలో కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ 6400 పెట్టాల్సిన చోట దీంతో 700 లోపే సరిపోతుంది. పైగా చాలా కంపెనీల జాబితాల్లో చవకైన లెన్సుల్లో ఇదొకటి. అయితే ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న నికాన్, సోనీ బాడీల మీద ఇది 75 ఎంఎంలా, కెనాన్ మీద 80 ఎంఎంలా పనిచేస్తుంది. ఇరుకు పెళ్లింట్లో వెనక్కి జరగడానికి చోటుండదు కాబట్టి అలాంటి బాడీకి 35 ఎంఎం మేలు. ఇంకో సంగతి, ఎఫ్1.8లో వధువు కళ్లు స్పష్టంగా వస్తే అరడుగు వెనక ఉన్న వరుడు మసకబారతాడు. జంట ఫొటోకు ఎఫ్4 దాకా వెళ్లాలి.

● సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ 50 ఎంఎం ఎఫ్1.8 ‘డి’ లెన్స్ చవగ్గా దొరుకుతుంది. దాంట్లో ఫోకస్ మోటార్ లేదు. డీ3500, డీ5600 బాడీల్లోనూ లేదు. రెండూ కలిపితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్ బాడీలకు తగిలించినా అంతే.

● 2018లో వచ్చిన నికాన్ జెడ్6, జెడ్7, కెనాన్ ఈఓఎస్ ఆర్‌లకు ఒక్కటే కార్డ్ స్లాట్. పెళ్లి ఫొటోగ్రాఫర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2020 నాటి జెడ్6-2, ఆర్6లకు రెండేసి స్లాట్లు వచ్చాయి. కార్డు పాడైతే జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా! ఒక్క స్లాటున్న కొత్త బాడీ కంటే రెండు స్లాట్లున్న పాత బాడీయే నమ్మకమైనదని నా గట్టి అభిప్రాయం. బాడీయే మొరాయిస్తే ఆదుకోవడానికి రెండోది ఉండాలి, కొనే స్తోమత లేకపోతే ముహూర్తం నాటికి అద్దెకైనా తెచ్చుకోవాలి.

● మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే ట్యూబ్‌లైట్లు, చాలా ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/100 పెడితే ఫ్రేములన్నీ ఒకే వెలుగులో వస్తాయి. కానీ తలంబ్రాలకు ఆ వేగం చాలదు, బియ్యం గీతల్లా సాగిపోతుంది. వేగం పెంచితే ఒక ఫ్రేము వెలుగ్గా, మరొకటి చీకటిగా, కొన్నిసార్లు చారలతో వస్తుంది. అక్కడ ఆదుకునేది ఫ్లాష్. పావు పవర్‌లో దాని మెరుపు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, గింజలు గాల్లో నిలిచిపోతాయి.

● 24 మెగాపిక్సెళ్ల ఫొటో 300 డీపీఐలో 20 అంగుళాల వెడల్పున ముద్రించవచ్చు. ఆల్బమ్ పనికి 45 మెగాపిక్సెళ్లు అక్కర్లేదు.

● 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని షూట్ చేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. సర్టిఫికెట్ ఉన్నవారిని ఆ రోజుకు పిలిపించుకోవడమే నయం.

● ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, వానలుంటాయి. పార్ట్‌టైం ఫొటోగ్రాఫర్ బ్యాగు నెలంతా బీరువాలోనే ఉండిపోతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే లెన్స్ లోపల ఫంగస్ పట్టే ప్రమాదముంది, విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల్లో మరీను. కాబట్టి సామాను బ్యాగులో వదలకుండా గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, చిన్న హైగ్రోమీటర్ కూడా వేసి, తేమ 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. రంగు మారిన సిలికా జెల్‌ను పారేయక్కర్లేదు, వేడిచేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది.