సుబ్బమ్మ గారు వేసిన ప్రశ్న

బైబిలు స్త్రీలు ఇంటింటికి వచ్చిన రోజులు పెద్దాపురం చుట్టుపక్కల పల్లెల్లోని మన పెద్దలకు తెలుసు. సంచిలో బైబిలు, ఎవరింటి అరుగైతే అదే ప్రసంగపీఠం! అట్టి స్త్రీలకు తర్ఫీదునిచ్చిన రాజమండ్రి షార్లెట్ స్వెన్సన్ స్మారక బైబిలు పాఠశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన లూథరన్ వేదాంత పండితురాలు బి.వి. సుబ్బమ్మ గారు.

ఆమెది గుంటూరు జిల్లా బోడిపాలెం, హైందవ కమ్మ కుటుంబం. క్రీస్తును నమ్మి, వేదాంతవిద్య నేర్చి, అమెరికాలో ఫుల్లర్ సెమినరీ వరకు వెళ్ళారు. 1970లో ఆంగ్లంలో వచ్చిన గ్రంథంలో ఆమె ప్రశ్న సూటియైనది. ప్రభువును నమ్మినవారు తమ బంధువర్గాన్ని, తమ కట్టుబాట్లను తెంచుకొని రావలసిందేనా? అత్తమామల చాటున బ్రతికే కోడలు ఆదివారం గుడి గడప ఎలా తొక్కుతుంది? అందుకే ఆమె ఆశ్రమాల పద్ధతిని చేపట్టారు. నాలుగు రోజులుండి, ప్రార్థించి, వాక్యం విని, తిరిగి తన ఇంటికే వెళ్ళవచ్చు.

ఇక్కడ నాకొక సందేహం. ఆంధ్ర సంఘాలను మొదట నింపినది మాల మాదిగ పేటల విశ్వాసులు. వారితో ఒకే బల్లయొద్ద కూర్చునే రోజును వాయిదా వేస్తూ పోతే కులం కరిగేదెప్పుడు? సుబ్బమ్మ గారి ప్రశ్న ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

మరొక గడప సంఘంలోనే ఉంది. స్త్రీ వాక్యం నేర్పవచ్చు గాని ప్రభురాత్రి భోజనం వడ్డించరాదు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం స్త్రీలకు గురుపట్టం ఇచ్చింది 1999లో. అప్పటికి ఎందరో బైబిలు స్త్రీలు ఏ పట్టమూ లేకనే పనిచేసి ప్రభువునందు నిద్రించారు.